తెగిన గీత, తెగని గీత

సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటం ఒకటి బల్ల మీద పరిచి చూడండి. మైలుకు అంగుళం లెక్కన గీసినది. కింది అంచున గుర్తుల పట్టిక ఉంటుంది. అందులో రోడ్ల వరస మెటల్డ్ రోడ్డుతో మొదలవుతుంది. తర్వాత అన్‌మెటల్డ్ రోడ్డు, ఆ తర్వాత బండ్ల బాట, సరుకు మోసే పశువులు నడిచే దారి, చివరికి కాలిబాట. మెటల్ రోడ్డుకు ఎర్రరంగు తెగకుండా సాగుతుంది. మెటల్ వెయ్యని రోడ్డుకు అదే ఎరుపు ముక్కలు ముక్కలుగా తెగి ఉంటుంది. ఈ పట్టికలో ఒక చిన్న మాటను చాలామంది గమనించకుండా దాటిపోతారు. మెటల్ రోడ్ల ఎదురుగా ‘ప్రాముఖ్యాన్ని బట్టి’ అని రాసి, గీత లావులో తేడా చూపించారు. మెటల్ లేని రోడ్లకూ విడిగా అదే మాట రాసి, అక్కడా తేడా చూపించారు. అంటే పటం గీసినవాళ్ల దృష్టిలో మట్టిరోడ్డు కూడా ముఖ్యమైన రోడ్డు కావచ్చు, కంకర రోడ్డు అప్రధానమైనదీ కావచ్చు. ప్రాముఖ్యం లావులో తెలుస్తుంది. మరి గీత తెగడం, తెగకపోవడం దేన్ని చెబుతోంది? పైన రాయి పరిచారా లేదా అన్నదాన్ని, అని ఎవరైనా జవాబిస్తారు. కానీ ఆ గీత పుట్టిన కాలంలో అది చెప్పింది అంతకంటే పెద్ద విషయం: ఏ కాలంలో, ఎవరి బండి ఈ దారిన వెళ్లగలదన్నది. ఆ విషయం నెమ్మదిగా జారిపోయి, రాయి సంగతొక్కటే మిగిలింది. ఇవాళ ఫోన్లో దారి చూపే పటాల్లో ఆ మిగిలిన సంగతి కూడా సగం చెరిగిపోయింది.

మెటల్ రోడ్డు రాకముందు పటం మీద ఈ తేడా చూపవలసిన అవసరమే లేదు. బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ రెన్నెల్ 1778లో బెంగాల్, బీహార్ దారుల మీద ఒక పుస్తకం వేశాడు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని మైళ్లు, మధ్యలో ఏ నదులు దాటాలి అన్నదే అందులో ముఖ్యం. దారి అంటే అప్పుడు ఒక దిక్కు, కొన్ని మజిలీలు. నేల ఎలాంటిదైతే దారీ అలాంటిదే. మన భాషలో దీనికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన ఆయన కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి పోయి, కలకత్తా, జగన్నాథం, ఉత్తర సర్కారుల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ ఆయన దారిని వర్ణించే పద్ధతి ఏమిటంటే నేలను వర్ణించడమే. ఇక్కడ ఇసక, ఇక్కడ రేగడ, ఇక్కడ రాతినేల, ఇక్కడ అడుసు. రోడ్డు అనే వస్తువు నేల నుంచి విడిపడి ఇంకా పుట్టలేదు. తెలుగులో దారికి ఉన్న పాత మాటలు చూసినా అంతే. డొంక, పుంత, బండ్ల బాట, గట్టు దారి, కాలిబాట – ఒక్కటీ పైన ఏం పరిచారో చెప్పదు. ఎక్కడినుంచి పోతుంది, ఎవరు నడుస్తారు అన్నదే చెబుతుంది. కృష్ణా, గుంటూరు వైపు డొంక అంటే పొలాల నడుమ బండ్లూ పశువులూ పోయే దారి. గోదావరి జిల్లాల్లో అదే పుంత. గ్రామ లెక్కల్లో డొంక పోరంబోకుగా అది ఇప్పటికీ ఉంది. మట్టిరోడ్డు, కంకర రోడ్డు, తారురోడ్డు, సీసీ రోడ్డు వంటి పైపరుపు పేర్లన్నీ తర్వాత వచ్చినవే.

ఆ పేర్లు రావడానికి కారణం ఒక స్కాట్లండు మనిషి. జాన్ మెక్ఆడమ్ 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ రోడ్ల సర్వేయరు అయ్యాడు. అడుగున పెద్ద బండలు పేర్చాలన్న పాత పద్ధతి ఆయన ఒప్పుకోలేదు. ఆరు ఔన్సుల బరువు మించకుండా రాయిని పగలగొట్టి, పొరలుగా పరిస్తే చాలన్నాడు. ఆయన వాదంలో అసలు ప్రాణం రాయి పరిమాణంలో లేదు. బరువును మోసేది కిందనున్న సొంత నేలే, అది పొడిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది, రాతి పొర పని ఆ నేలను తడవకుండా కాపాడటం అన్నాడాయన. మనమైతే దీన్ని ఇంటికప్పుతో పోలుస్తాం. పైకప్పు కారితే గోడలు ఎంత గట్టివైనా ప్రయోజనం లేనట్టే, నీరు లోపలికి దిగితే రోడ్డు పైన ఎంత రాయి ఉన్నా నిలవదు. ఇంగ్లీషులో ఆ పగలగొట్టిన రాయికి మెటల్ అని పేరు. ఇనుముతో, ఇత్తడితో దీనికి సంబంధం లేదు. గనిని, రాళ్లు తవ్వే చోటును సూచించే పాత గ్రీకు, లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇప్పటికీ మన క్రషర్ల దగ్గర 40 ఎంఎం మెటల్, 20 ఎంఎం మెటల్ అని లారీ లెక్కన అడిగి తెచ్చుకునేది ఈ మెటలే. ఉత్తరాది మైదానాల్లో రాయి దొరకని చోట నేలలో ముద్దలుగా దొరికే సున్నపు గడ్డలను, అంటే కంకర్‌ను, గ్రాండ్ ట్రంక్ రోడ్డుకు వాడారు. మన దగ్గర కంకర అంటే కొట్టిన రాయి ఏదైనా సరే.

ఇప్పుడు ఈ కప్పు మన నేలలకు ఏం చేసిందో చూడాలి. కర్నూలు, బళ్లారి, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున బీటలు వారుతుంది. వేసవిలో దాని మీద ఎడ్లబండి సిమెంటు మీద పోయినట్టు పోతుంది. మొదటి పదును పడగానే చక్రానికి మన్ను ముద్దలు ముద్దలుగా చుట్టుకుంటుంది. ఆకులకూ మన్ను పట్టి చక్రం తిరగడం మానేస్తుంది, కాడి కింద ఎడ్లు మోకాళ్ల మీద కూలబడతాయి. ఆ నేలల్లో పండేది పత్తి. పత్తి రేవుకు చేరాలి. 1852లో మద్రాసు రాజధానిలో పబ్లిక్ వర్క్స్ కమిషను నివేదిక ఇచ్చింది. ఆ ప్రాంతపు రోడ్ల దుస్థితిని అది పూస గుచ్చినట్టు రాసింది. అదే కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కూడా దేశంలో రవాణా లేకపోవడం గురించే గొంతు చించుకున్నాడు. 1854 ప్రాంతాల్లో డల్‌హౌసీ పబ్లిక్ వర్క్స్ శాఖను ఏర్పాటు చేశాడు. పటం మీద తెగని ఎర్రగీత అనే ఆలోచనకు నేపథ్యం ఇదంతా. అప్పటి చక్రాలన్నీ ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రాలే. వానాకాలంలో అలాంటి చక్రం మోయగలిగిన నేల, మెటల్ వేసిన నేల – రెండూ దాదాపు ఒకటే. అందుకే ఒకదాన్ని గీస్తే రెండోదాన్ని చెప్పినట్టయింది. ఫిరంగి బండ్లు లాగే సైన్యాధికారికైనా, పత్తి బేళ్లు తోలే వ్యాపారికైనా, జమాబందికి వెళ్లే కలెక్టరుకైనా ఆ గీత ఒకే జవాబు చెప్పేది.

1904–05 నాటి సర్వే కమిటీ సిఫార్సుల తర్వాత భారతదేశపు పటాలు రంగుల్లో, ఎత్తుల గీతలతో రావడం మొదలైంది. ఆ తరం పటాల్లో గుర్తుల పట్టిక చదివితే సర్వేయర్ల మనసులో కాలం ఎంత నిండుగా ఉందో కనిపిస్తుంది. వాగుల గుర్తుల్లో ఒకటి ‘వాగు పడకలో దారి ఉన్నది’ అని. రాయలసీమ వంకల్లో, తెలంగాణ వాగుల్లో ఎండాకాలమంతా ఇసక మీద బండ్లు నడుస్తాయి. వాన కురిస్తే ఆ దారే వాగు. ఒకే రేఖ ఎనిమిది నెలలు రోడ్డు, నాలుగు నెలలు నీళ్లు. ఆ సంగతిని ఒక్క గుర్తులో పెట్టిన వాళ్లకు పరుపు మాత్రమే ముఖ్యమైతే అసలు ఈ గుర్తు ఎందుకు? రేవు దాటే చోటు, పడవ దాటే చోటు, చప్టా – వీటికి గుర్తులు ఎందుకు? స్తంభాలున్న వంతెనకు ఒక గుర్తు, లేని వంతెనకు మరొకటి ఎందుకు? ఇవన్నీ కలిపి చదివితేనే ఎర్రగీతకు అర్థం. ఆ గీత ఒంటరిగా మాట్లాడేది కాదు, పక్కనున్న గుర్తులతో కలిసి ఒక వాక్యం చెప్పేది. పటం చదవడం నేర్చిన వాడు ఎర్రగీత మెరుపు చూసి మురిసిపోడు. అది వాగును ఎక్కడ దాటుతుందో, దాటేచోట వంతెన ఉందో లేదో వెతుకుతాడు.

గోదావరి, కృష్ణా డెల్టాలు ఈ వాదానికి ఇంకో వైపు నుంచి బలం ఇస్తాయి. డెల్టా ఒండ్రునేల, అందులో రాయి దొరకదు. ఎక్కడినుంచో తెచ్చి వెయ్యాలి. అందుచేత మెటల్ రోడ్లు అక్కడ ఆలస్యంగా, ఖర్చుతో వచ్చాయి. ఎర్రగీతలను మాత్రమే చూస్తే అంతటి పాడిపంటల సీమ దారులు లేని సీమలా కనిపిస్తుంది. కానీ నీళ్లు పారే నెలల్లో సరుకంతా కాలువల మీద పడవల్లో కదిలింది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసే రోజులకు కోతలు అయిపోయి పొలాలు ఎండి ఉంటాయి. గట్లు కొట్టుకుని బండ్లు పొలాలకు అడ్డంగానే పోతాయి. ఒక కాలంలో నీలిగీత రోడ్డు, మరో కాలంలో గీతే లేని పొలం రోడ్డు. ఇక్కడ పరుపును బట్టి గీసిన తేడా జనం రాకపోకల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు.

ఎవరి బండి అన్న ప్రశ్న కూడా ఆ గీతలో ఉందన్నాను. విశాఖ మన్యం దీనికి సాక్ష్యం. కొండదొరలకూ బగతలకూ వాల్మీకులకూ అక్కడ కాలిబాటలతోనే తరతరాలు గడిచాయి. చక్రం పోయే రోడ్డు కావలసింది పోలీసుకు, అటవీశాఖకు, కలప గుత్తేదారుకు. 1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండెక్కే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత అరకొర కూలికి, బలవంతంగా రాళ్లు మోయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడటానికి వెనక పోగైన కోపంలో ఆ రోడ్డు కూడా ఉంది. పటం మీద కాలిబాట చుక్కలు ఎర్రగీతగా మారడాన్ని అభివృద్ధి అని రాసుకోవడం తేలిక. ఆ గీతను మోసినవాళ్లకు అందులో నడిచే బండి లేదు. అందుకని ‘మంచి రోడ్డు’ అనే మాట పక్కన ఎవరికి అన్న మాట లేకపోతే ఆ మాట అబద్ధానికి దగ్గరగా పోతుంది.

రాయి పరుపు, వానాకాలపు నడక – ఈ రెండూ విడిపోవడానికి కారణం రబ్బరు టైరు. వాటర్ బౌండ్ మెకాడం రోడ్డు, అంటే కంకర పరిచి, పైన రాతిపొడి చల్లి, నీళ్లు పోసి రోలరు తిప్పిన రోడ్డు, ఇనుప చక్రం కింద ఇంకా గట్టిపడుతుంది. చక్రం రాయి అంచులను నలిపి పొడి చేస్తుంది, ఆ పొడి సందుల్లో నిండుతుంది, వాన దాన్ని అతికిస్తుంది. మోటారు టైరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేగంగా పోయే రబ్బరు ఆ పొడిని సందుల్లోంచి పీల్చి పైకి లేపుతుంది. బస్సు వెనక లేచే ఎర్రటి దుమ్ములో రోడ్డును కట్టిపట్టి ఉంచిన జిగురే ఉంది. కొన్నాళ్లకు రాళ్లు లేచిపోయి గుంతలు పడతాయి. పొడిని పట్టి ఉంచడానికి తారు కావలసి వచ్చింది. ఇక మెటల్ రోడ్డు రెండయింది, తారు ఉన్నది, లేనిది. 1927లో ఏర్పడిన జయకర్ కమిటీ, 1929లో పెట్రోలు సుంకంతో మొదలైన రోడ్డు నిధి, 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ – ఇవన్నీ ఈ మోటారు ఒత్తిడికి వచ్చిన జవాబులే. కానీ పటం మీద పాత మాటే నిలిచిపోయింది. తారురోడ్డూ మెటల్డే, గుంతలు పడ్డ కంకర రోడ్డూ మెటల్డే.

1943లో నాగపూరులో చీఫ్ ఇంజినీర్లు సమావేశమై దేశానికి ఎంత రోడ్డు కావాలో లెక్క కట్టారు. జాతీయ రహదారులు, రాష్ట్ర రోడ్లు, జిల్లా రోడ్లు, గ్రామరోడ్లు అనే తరగతులు స్థిరపడింది అక్కడే. ఆ లెక్కలో మెటల్ రోడ్లకు ఒక సూత్రం, తక్కిన రోడ్లకు మరొకటి. మెటల్ రోడ్ల సూత్రంలో సాగుభూమి, ఊళ్ల జనాభా లెక్కలు కలిపి, చివర్లో ఉన్న రైలు మార్గం పొడవును తీసేస్తారు. ఈ తీసివేతను నేను చాలా ముఖ్యమైన సాక్ష్యంగా చూస్తాను. రైలు పట్టా ఉంటే అంతమేర మెటల్ రోడ్డు అక్కర్లేదు అన్నారంటే, వాళ్లు లెక్కించింది రాతి పరుపును కాదు, ఏడాది పొడవునా ఆగని రవాణాను. కాగితం మీద మాట మెటల్. మనసులో ఉన్నది ఋతువు.

ఆ రెంటినీ బాహాటంగా విడదీసిన పటాలు బయటివాళ్లు వేశారు. 1950ల్లో అమెరికా సైన్యపు పటశాఖ మన దేశానికి 2,50,000లో ఒకటో వంతు కొలతతో ఒక పటాల వరస తయారు చేసింది. సర్వే ఆఫ్ ఇండియా పటాల ఆధారంగానే చేసినా, రోడ్ల గుర్తులు మాత్రం మార్చారు. అన్ని కాలాల్లో నడిచేది, గట్టి పరుపు. అన్ని కాలాల్లో నడిచేది, వదులు పరుపు. పొడి కాలంలో మాత్రమే నడిచేది, వదులు పరుపు. తర్వాత బండ్ల బాట. పరుపు ఒక ప్రశ్న, కాలం వేరే ప్రశ్న. మొరం తోలి, పక్కకాలువలు తీసి, తూములు వేసిన మట్టిరోడ్డు ఈ పట్టికలో రెండో మెట్టు మీద గౌరవంగా నిలబడుతుంది. మన ప్రభుత్వమూ చివరికి ఇక్కడికే వచ్చింది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నిబంధనల్లో అన్ని కాలాల రోడ్డు అంటే ఏడాదంతా రాకపోకలకు వీలైనది, వాగులూ వంకల మీద తూములూ వంతెనలూ ఉన్నది అని చెప్పి, దానికి తారు వేసి తీరాలని అర్థం కాదని విడమరిచారు. మెక్ఆడమ్ చెప్పిన కప్పు మాట దాదాపు రెండు వందల ఏళ్లకు మన గ్రామరోడ్ల నిబంధనలో కనిపించడం నాకు సంతోషం కలిగించే విషయం.

ఇక ఫోన్లోని పటం. దారి లెక్కించే ప్రోగ్రాముకు రోడ్డు అంటే ఒక పొడవు, ఒక వేగం. రెండు ఊళ్ల మధ్య తక్కువ నిమిషాలు పట్టే గీతలను అది ఏరుతుంది. పెద్ద రోడ్డు, చిన్న రోడ్డు అనే తేడా రంగులో, లావులో కనిపిస్తుంది. అంటే ప్రాముఖ్యం మిగిలింది. గీత తెగడం మాత్రం చాలా పటాల్లో పోయింది. టోలు వద్దు, హైవే వద్దు అనే మీటలు మామూలే. మట్టిరోడ్డు వద్దు అనే మీట ఓస్మ్అండ్ వంటి కొన్ని యాప్‌లలో, గార్మిన్ పరికరాల్లో ఉంది. స్వచ్ఛందంగా జనం గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పరుపుకు విడి గడి ఉంది. పొలం దారులకైతే నేల గట్టిదనాన్ని బట్టి ఐదు మెట్లున్నాయి. పాత సర్వే పట్టిక ఐదు మెట్లకు వాటిది దూరపు చుట్టరికం. కానీ గడి ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాము రోడ్డు తరగతిని బట్టి ఏదో ఊహించుకుంటుంది. ఆ ఊహ సాధారణంగా ఆశావాదమే. రేగడి పొలాల మధ్య డొంక ఒకటి ఊరిరోడ్డుగా నమోదైతే, ఆరుద్ర కార్తెలో కూడా అది నాలుగు నిమిషాల అడ్డదారే.

దీనికి మొదటి అభ్యంతరం, ఇప్పుడు ఊరూరికీ తారో సిమెంటో పడింది కదా, ఈ తేడా ఎవరికి కావాలి అన్నది. ఊళ్ల మధ్య పడింది, నిజమే. ఊరి నుంచి పొలానికి, చెరువుకు, తండాకు, కొండ మీది గూడేనికి పోయే దారుల్లో చాలావాటికి పడలేదు. పాడేరు కొండల్లో గర్భిణిని డోలీలో రోడ్డుదాకా మోసుకొచ్చారన్న వార్త ఇంకా వస్తూనే ఉంది. 108 వాహనం ఎక్కడిదాకా రాగలదన్నది అక్కడ ప్రాణానికి సంబంధించిన లెక్క. పైగా తారు పడటంతో కాలం సమస్య తీరిపోలేదు. నిగనిగలాడే తారురోడ్డు వాగు దగ్గర చప్టా మీదికి దిగుతుంది. వరద రోజున చప్టా మీద మోకాటిలోతు నీళ్లు పారితే ఆ రోడ్డుకు రెండు వైపులా ఎంత తారున్నా ఒకటే. పరుపును మాత్రమే చూసే పటం ఈ రోడ్డును మంచిదంటుంది, వంతెన ఉన్న మొరం రోడ్డును చెడ్డదంటుంది. వానాకాలంలో నిజం దీనికి తలకిందులు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. పరుపు కంటికి కనిపించేది, ఎవరు చూసినా ఒకటే చెబుతారు. ‘వెళ్లవచ్చా’ అన్నది ఒక్కొక్కరి అంచనా. ట్రాక్టరు డ్రైవరుకు సులువైనది కారువాడికి గండం. అంచనాలను పటంలో కలిపితే పటం నమ్మకం పోతుంది. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ దీనికి జవాబు పాత పట్టికల్లోనే ఉంది. సర్వేయరు ‘ఈ దారి కష్టం’ అని రాయలేదు. పడకలో దారి, చప్టా, రేవు, స్తంభాల వంతెన అని రాశాడు. ఒక్కొక్కటీ కంటికి కనిపించే వస్తువే. ట్రాక్టరు మనిషి, లారీ మనిషి, మోటారుసైకిలు మనిషి ఎవరికి వారు తమ బండిని బట్టి లెక్క వేసుకున్నారు. అంచనా చదివేవాడిది, వస్తువు పటానిది. పరుపు, కింది నేల రకం, వాగు దాటే తీరు – ఈ మూడూ నమోదైతే కాలం సంగతి ఎవరైనా తేల్చుకోగలరు.

ఫోన్లు అప్పటికప్పుడు రద్దీని చూసి దారి మారుస్తాయి కదా, గుర్తులెందుకు అనేవాళ్లూ ఉన్నారు. రద్దీ లెక్క జనం తిరిగే చోట పనిచేస్తుంది. రోజుకు పది బండ్లు పోయే దారిలో వరద రోజున బండి పోకపోతే, దాన్ని దారి మూసుకుపోవడంగా చదవాలో మామూలు ఖాళీగా చదవాలో యంత్రానికి తెలియదు. నిన్నటిదాకా పోయిన బండ్ల వేగం మాత్రం దానికి జ్ఞాపకం ఉంటుంది, ఆ బండ్లన్నీ ఎండాకాలంలో పోయినవి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్డు మీదుగా నీరు పారే చోటుకు ఒక గుర్తు ఉంది; పాత సర్వే పటంలోని రేవు గుర్తు చేసిన పనే అదీ చేస్తుంది. తెలుగు జిల్లాల్లో ఏ చప్టా పేరు చెప్పినా పక్క ఊళ్లవాళ్లు ఎన్ని వానలకు అది మునుగుతుందో చెప్పగలరు. ఆ చప్టా దగ్గర గీత మీద ఒక చుక్క, డొంక పక్కన రేగడి అన్న ఒక్క మాట – వీరాస్వామి పల్లకీలో పోతూ 1830లో తన పుస్తకంలో రాసుకున్నపాటి వివరం అది.